చెక్క బకెట్ అవ్వతో మాంట్రియల్ దాకా

కెనడాలో హామిల్టన్ నుంచి మాంట్రియల్ వెళ్లేవాళ్లు మామూలుగా పాత ఊళ్లోని రాతి వీధులు చూడడానికి వెళ్తారు. నేను వెళ్లింది ఒక ఆట కోసం. వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మా హాస్టల్ కంప్యూటర్లలో ఒక జపాన్ ఫైటింగ్ గేమ్ ఉండేది. దాన్ని పెద్ద కంపెనీ ఏదీ చేయలేదు. నలుగురు స్నేహితులు ఇంట్లో కూర్చుని తయారుచేసి, ఆటల అభిమానులు పెట్టుకునే సంతలో డిస్కులుగా అమ్మారట. జపాన్ పేరు మా నోళ్లకు తిరగక దానికి ‘చంద్రకత్తి’ అని మేమే పేరు పెట్టుకున్నాం. ఇప్పటికి నాలుగు భాగాలొచ్చాయి. ఒక్కో రౌండు ఒక్కో భాగం మీద ఆడించే జంటల పోటీ మాంట్రియల్‌లో పెడుతున్నారని తెలియగానే, ఆన్‌లైన్‌లో నాతో ఆడే కార్తీక్‌ను జోడీగా పెట్టుకుని పేర్లు ఇచ్చేశాను.

బయల్దేరే ముందురోజు కార్తీక్ ఫోన్ చేశాడు. “సుష్మా, సారీ. వేర్‌హౌస్‌ల షిఫ్ట్ మార్చుకుందామంటే ఎవ్వరూ దొరకలే.” జోడీ లేకపోతే ఆడనివ్వరు. నా రూమ్మేట్ రమ్య గుంటూరు అమ్మాయి. మాంట్రియల్ చూసి, ఫొటోలు దిగుదామని నాతో వస్తోంది. పక్కనే కూర్చుని బ్యాగులో స్వెట్టర్లు కుక్కుతోంది.

“నువ్వు ఆడు” అన్నాను.

“నేనా? నాకు ఫోన్లో లూడో తప్ప ఇంకేం రాదే బాబూ!”

“ఏం కాదు. బస్సుల నేర్పిస్త.”

పొద్దున్నే హామిల్టన్‌లో బస్సెక్కి, టొరంటోలో మాంట్రియల్ బస్సు మారాం. అక్కడి నుంచి ఆరు గంటల పైమాటే. ముందుగా బుక్ చేసుకుంటే బస్సు టికెట్ రైలు టికెట్‌లో దాదాపు సగానికే వస్తుంది. కొత్త సెమిస్టర్ మొదలయ్యే రోజులు కావడంతో బస్సు నిండా స్టూడెంట్లే. వెనక సీట్లో ఎవరో పులిహోర డబ్బా తెరిచారు, ఇంకెవరో వర్క్ పర్మిట్ గురించి గట్టిగా చర్చిస్తున్నారు. నేను ల్యాప్‌టాప్‌లో మొదటి భాగం పెట్టి రమ్యకు ఒకే ఒక్క దెబ్బ నేర్పాను. అందులో స్నానశాల నడిపే ఒక ముసలి అవ్వ ఉంటుంది. చేతిలో చెక్క బకెట్. నడక నెమ్మది, కానీ నీళ్లు విసిరిందంటే ఎదుటివాడు దగ్గరకు రాలేడు. సగం దారిలో కింగ్‌స్టన్ ఊరు దాటేసరికి రమ్య నీళ్లు విసిరినప్పుడల్లా “తీస్కో!” అంటోంది. ముందు సీటాయన రెండుసార్లు తిరిగి చూశాడు.

మాంట్రియల్‌లో దిగగానే ట్యాక్సీ ఎక్కబోయాం. డ్రైవర్ మా బ్యాగులు చూసి నవ్వాడు. “మీరు చెప్పిన చోటికి ట్యాక్సీ ఎందుకు? ఈ స్టేషన్ కిందే మెట్రో ఉంది. మూడో స్టాప్‌లో దిగండి.” బేరం పోగొట్టుకుని మరీ దారి చెప్పిన డ్రైవర్‌ను నేను చూడడం అదే మొదలు.

పోటీ ఒక కమ్యూనిటీ హాలు బేస్‌మెంట్‌లో. జంటలో ఒకరు ఓడితే రెండోవారు దిగాలి. ఇద్దరూ ఓడితే ఇంటికే. మొదటి రౌండు మొదటి భాగం మీద. చేత్తో గీసిన బొమ్మలు, గరగరలాడే పాట. ఈ భాగంలో ఒక లోపం ఉంది. మూలకు చిక్కినవాడికి తప్పించుకునే దారే లేదు. రమ్య అవతలి జంటలో ఇద్దరినీ వరసగా మూలకు తోసి నీళ్లతో తడిపేసింది. నేను కుర్చీలోంచి లేవాల్సిన పనే పడలేదు. రెండో భాగంలో తయారీదారులు ఆ లోపం సరిచేసి, పక్కకు దొర్లే వీలు పెట్టారు. రమ్య విసిరిన నీళ్లన్నీ గోడకే తగిలాయి. ఆమె ఓడింది, నేను ఎలాగో గెలిచి లాక్కొచ్చాను.

మూడో రౌండుకు కూర్చోగానే రమ్య నా చెయ్యి పట్టుకుంది. “సుష్మా, అవ్వ లేదే!”

నిజమే. ఆ సంగతి చెప్పడమే మరిచాను. మూడో భాగంలో బొమ్మలన్నీ కొత్తగా, నిగనిగలాడుతూ ఉంటాయి గానీ, సగం మంది పాతవాళ్లు కనబడరు. రమ్య ఎవరో కత్తివాడిని ఎంచుకుని చిటికెలో ఓడింది. ఒక్కదాన్నే ఇద్దరినీ ఓడించాలి. మొదటివాడు తేలిగ్గానే పడ్డాడు. రెండోది అమ్మాయి, ఆమెతో ఆడేసరికి ఆటలో నా ప్రాణం గోరంత మిగిలింది. ఆమె ఎగిరిన క్షణంలో ఎలా కొట్టానో నాకే తెలీదు. రమ్య కేకకు హాలంతా ఇటు తిరిగింది.

ఫైనల్ నాలుగో భాగం మీద. అందులో అవ్వ తిరిగొచ్చింది. ఆన్‌లైన్ ఆట కూడా బాగుపడింది. నువ్వు తరవాత ఏం నొక్కుతావో కంప్యూటర్ ముందే ఊహించి, తప్పితే అప్పటికప్పుడు దిద్దుకుంటుంది. కాబట్టి ఎంత దూరంలో ఉన్నవాడైనా పక్క కుర్చీలో ఉన్నట్టే. మా ఎదుట లూక్, అతని చెల్లెలు. లూక్ చెల్లెలిని రమ్య ఓడించింది! తరవాత లూక్ చేతిలో ఇద్దరం ఓడాం. నన్ను ఓడించాక అతనే లేచి వచ్చి మమ్మల్ని హత్తుకున్నాడు.

వెనక ఒకావిడ చప్పట్లు కొడుతోంది. జపాన్ నుంచి అతిథిగా వచ్చింది, ఆటలోని ఆ బొమ్మలు గీసింది ఆవిడే. రమ్య ఏ మాత్రం జంకకుండా అడిగేసింది. “మూడో దాంట్లో అవ్వని ఎందుకు తీసేశారండీ?”

ఆవిడ వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పింది. “ఆ భాగం తయారీ ఒక కంపెనీ చేతికి వెళ్లింది. అందర్నీ కొత్తగా చెయ్యడానికి టైమ్ లేదు. ఎక్కువమంది ఎంచుకునే బొమ్మలే మిగిలాయి. నాలుగో దాంట్లో నేను పట్టుబట్టి తెచ్చాను. మొదటిసారి గీసినప్పుడు నాకు మీ వయసు. ముసలివాళ్లు బకెట్ ఎలా ఎత్తుతారో ఊహించి గీశాను.” ఆవిడ మోకాలి మీద చెయ్యి ఆనించి, మూలుగుతూ వంగి, లేని బకెట్‌ను ఎత్తింది. తెర మీది అవ్వ ఎత్తేది అచ్చం అలాగే. “ఇప్పుడు తెలుసు” అంది నవ్వుతూ. మా ఇద్దరికీ నవ్వాగలేదు.

భాగం మారితే బొమ్మలు మెరుగవుతాయి, వేగం పెరుగుతుంది అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. అవి గీసే మనుషులకూ వయసు వస్తుందని, అదీ ఆటలోకి చేరుతుందని ఆ రోజే తట్టింది. హాస్టల్లో ఎవరో ఎక్కించిన ఒక ఆట ఇంత దూరంలో నన్ను కొత్తవాళ్ల మధ్య కూర్చోబెట్టి, సొంత మనిషిలా ఆడించింది. మర్నాడు పాత ఊళ్లో రమ్య ఫొటోలు దిగుతూ ఉంటే, ఓడిపోయిన బాధ కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

ఇలాంటి పోటీకి వెళ్లేవాళ్లకు ఒక్కటే చెప్తాను. తిరుగు బస్సు అదే రోజుకు బుక్ చేయకండి. మ్యాచ్‌లు అనుకున్న టైముకు అవ్వవు, అయ్యాక మీకూ వెంటనే బయల్దేరాలనిపించదు.