తల పక్కకు తిప్పి చూసే మల్లిక

2018 మార్చి. భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట, ములకలపల్లి దాటాక ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేస్తున్నాను. ఇప్పపూలు రాలే రోజులవి. పొద్దున్నే బండి మీద బడికి వెళ్తుంటే ఆ మత్తు వాసన దారి పొడుగునా వెంట వచ్చేది. సాయంత్రం ఎండ మెత్తబడ్డాక, టేకుచెట్ల మధ్య ఎర్రటి దుమ్ము లేచి గాలిలో అలాగే నిలిచిపోయేది. అలాంటి వేళల్లో నాకు తెలియకుండానే ఇరవై ఏళ్లు వెనక్కి జారిపోయేవాణ్ణి.

మాస్టారు కాకముందు నేను క్రికెట్ ఆడేవాణ్ణి. మా నాన్న, ఇంట్లో అబ్బా అంటాం, కొత్తగూడెంలో దర్జీ. నా మొదటి తెల్ల ప్యాంటు, చొక్కా ఆయన మిషన్ మీదే తయారయ్యాయి. రాష్ట్ర జట్టు తరఫున నాలుగు ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడాను. ఫస్ట్‌క్లాస్ అంటే రాష్ట్రాల జట్ల మధ్య రోజుల తరబడి సాగే ఆట. నేను నిలబడే చోటు స్లిప్. వికెట్ కీపర్ పక్కన, బ్యాట్ అంచుకు తగిలి వచ్చే బంతి కోసం వంగి ఎదురుచూసే చోటు అది. గంటలు గంటలు ఏమీ జరగదు. గడ్డి పచ్చగా, ఆకాశం తెల్లగా, మనుషులందరూ నీళ్లలో కదులుతున్నట్టు కనిపిస్తారు. అంతలో ఒక్క బంతి వస్తుంది.

మూడో మ్యాచ్ అయ్యాక ప్రాక్టీసులో నా ఎడమ కంటికి బంతి తగిలింది. వాపు తగ్గింది కానీ చూపు మసకగానే ఉండిపోయింది. జట్టులోంచి తీసేస్తారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. ముఖం కొంచెం ఎడమకు తిప్పి, కుడి కన్నును బంతికి ఎదురుపెట్టి నెట్టుకొచ్చాను. నాలుగో మ్యాచ్‌లో చేతుల్లోకి వచ్చిన క్యాచ్ వదిలేశాను. ఆ తరువాత నన్ను పిలవలేదు. బి.ఎడ్. చేసి, పరీక్ష రాసి మాస్టారునయ్యాను.

మా బడిలో ఆటల మాస్టారు లేరు. వారానికి రెండు సాయంత్రాలు ఆ పీరియడ్ నేనే తీసుకునేవాణ్ణి. ఆ రోజు తొమ్మిదో తరగతి ఆడపిల్లలను వరసగా నిలబెట్టి, టెన్నిస్ బంతి విసురుతూ క్యాచ్‌లు పట్టిస్తున్నాను. కుంజ మల్లిక వంతు వచ్చింది. అడవి లోపలి కోయగూడెం పిల్ల, వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునేది. లెక్కల్లో ఎప్పుడూ తప్పులే. రెండేళ్లుగా తిడుతూనే ఉన్నాను.

బంతి విసిరాను. మల్లిక ముఖాన్ని మెల్లగా కుడివైపు తిప్పింది. బంతి ఆమె భుజం పక్క నుంచి వెళ్లిపోయాక చేతులు లేచాయి. మళ్లీ విసిరాను. మళ్లీ అదే తిప్పడం. పిల్లలు నవ్వారు. నేను మూడోసారి విసరలేదు. ఎదురుగా ఉన్నది పద్నాలుగేళ్ల పిల్ల కాదు, స్లిప్‌లో నిలబడి దొంగచూపు చూస్తున్న నేనే అనిపించింది.

పీరియడ్ ఆపేసి స్టాఫ్ రూముకు వెళ్లి ఆమె నోటుబుక్ తీశాను. దీర్ఘచతురస్రం వైశాల్యం లెక్క. నేను బోర్డు మీద రాసింది పొడవు 18, వెడల్పు 6. మల్లిక దించుకున్నది 13, 5. జవాబు 65 అని వేసింది. పదమూడు ఐదులు అరవై ఐదే. పక్కన నా ఎర్ర సిరాలో ‘నిర్లక్ష్యం’ అని ఉంది. వెనక పేజీలు తిప్పాను. ఎనిమిది మూడయింది, ఆరు ఐదయింది, కానీ దాదాపు ప్రతి లెక్కా తను దించుకున్న అంకెలకు సరిగ్గా చేసింది. రెండేళ్లపాటు ఆ పిల్ల ఎవరూ ఇవ్వని లెక్కలు ఒంటరిగా చేసుకుంటూ, సరైన జవాబులకు తిట్లు తింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండా మెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను. ఏమీ లేదంది. అప్పుడు నేను డాక్టర్లకు తప్ప ఎవరికీ చెప్పని మాట చెప్పాను.

“నాకు గూడ ఎడమ కన్ను సరిగ కనబడది మల్లికా. గట్లనే తల తిప్పి చూసేటోణ్ణి.”

అప్పుడు నోరు విప్పింది. మూడేళ్ల క్రితం బీడీల కోసం అమ్మే తునికాకు కోస్తుంటే కొమ్మ విదిలించుకుని కుడి కంటికి తగిలిందట. అప్పటినుంచి ఆ కంటికి వెలుతురు తప్ప మరేమీ తెలియదు. ఎడమ కంటికి దగ్గరివి తప్ప దూరానివి అలుక్కుపోతాయి.

“ఎవరికి చెప్పకుండ్రి సార్. అమ్మకు తెలిస్తే బడి మాన్పిస్తది.”

మొదటిసారి ఆ పిల్ల ముఖంలోకి సూటిగా చూశాను. కుడి కంటిపాపలో పల్చటి మబ్బులాంటి తెలుపు. రోజూ నా ఎదురుగా ఉన్నదే.

ఆదివారం వాళ్ల గూడేనికి వెళ్లాను. అడవి దారంతా ఆకులు రాలి, అడుగు వేస్తే ఎక్కడో దూరంగా ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు. మల్లిక తల్లి భీమమ్మ వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. ఖమ్మంలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. తన తమ్ముణ్ణి ఒకసారి పట్నం దవాఖానాకు తీసుకెళ్లారట, తిరిగి రాలేదట. బిడ్డ బతికి ఉంటే చాలు, మేకలు కాసుకుంటుంది అంది. నేను నా కన్ను సంగతి చెప్పాను. అలాగైతే ఒప్పుకుంటుందనుకున్నాను. ఆమె లేచి వచ్చి నా ముఖాన్ని దగ్గరగా పరీక్షగా చూసింది.

“మరి నువ్వెందుకు చూపిచ్చుకోలే సారూ?”

ఇరవై ఏళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న. అబద్ధం చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

“భయపడ్డనమ్మా. దాసుకున్న. తర్వాత దవాఖానకు పోతే జల్దీ రావాల్సుండె అన్నరు.”

భీమమ్మ మళ్లీ పూల దగ్గర కూర్చుంది. పూలు తిరగేసింది. నేను బయలుదేరబోతుంటే తల ఎత్తకుండానే అంది, “రేపు పొద్దుగాల వస్తం.”

వచ్చారు. ఖమ్మం బస్సులో తల్లీకూతుళ్లు ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. కుడి కంటిలో ఉన్నది కాటరాక్ట్, అంటే కంటి లోపలి లెన్స్ మసకబారడం, దెబ్బ వల్ల వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేసి కొత్త లెన్స్ పెట్టవచ్చు, పూర్తి చూపు వస్తుందని మాత్రం మాట ఇవ్వలేనంది. ఎడమ కంటికి అద్దాలు చాలన్నది. ఏప్రిల్‌లో ఆపరేషన్ జరిగింది. ఆ గంటసేపు భీమమ్మ ఆపరేషన్ గది తలుపు ముందే కూర్చుంది. పట్నం వెళ్లి తిరిగి రాని ఆమె తమ్ముడే నాకు గుర్తొచ్చాడు. కట్టు విప్పాక కుడి కంటికి పల్చటి గుడ్డలోంచి చూసినంత చూపు వచ్చింది. డాక్టరమ్మకు అది తక్కువే అనిపించింది. మల్లికకు తల్లి ముక్కుపుడక కనిపించింది.

జూన్‌లో బడి తెరిచిన రోజు మల్లిక అద్దాలతో పదో తరగతిలోకి వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. పాత నోటుబుక్కులో ‘నిర్లక్ష్యం’ అని రాసిన చోటల్లా కొట్టేసి, లెక్కలకు టిక్కులు పెట్టి తీసుకెళ్లాను. అందరి ముందూ ఇచ్చి, తప్పు నాదని, రెండేళ్లు ఎదురుగా ఉన్న పిల్లను చూడలేదని చెప్పాను. ఆమె పేజీలు తిప్పింది. తరువాత తల పక్కకు తిప్పకుండా నావైపు నేరుగా చూసింది.

“గప్పుడు మీరు గూడ నాకు కనబడలే సార్,” అంది.

క్లాసంతా నవ్వింది. నవ్వడానికి నాకు కాస్త సమయం పట్టింది.

మల్లిక పది పాసై, భద్రాచలంలో ఇంటర్ చదివింది. లెక్కలే తీసుకుంది. స్లిప్‌లో నిలబడి బంతి కోసం గంటలు చూడటం నేర్చుకున్న నేను, ఆ ఓపికను తరగతి గదిలోకి తెచ్చుకోలేదని ఆమె వల్ల తెలిసింది. తప్పు జవాబు కనబడగానే ఎర్ర సిరా ఎత్తేవాణ్ణి, అది ఎక్కడ పుట్టిందో వెతికేవాణ్ణి కాదు. ఇప్పుడు జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం పాఠం చెప్పను. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏ ఊరు, బడికి ఎలా వచ్చారు, పొద్దున ఏం తిన్నారు అని అడుగుతాను. వాళ్లు చెబుతున్నంతసేపూ ముఖంలోకే చూస్తాను. సిలబస్ వారం వెనకబడుతుంది. ఆగస్టుకల్లా అందుకుంటాం.