తూము దించిన పెద్దనాయన

మా పెద్దనాయన మంగళవారం పొద్దున నంద్యాలలో పోయాడు. నేను ఆళ్లగడ్డ బస్టాండులో మా సంఘం కరపత్రాలు పంచుతుంటే మా అన్న ఫోన్ చేసి చెప్పాడు. నేను పోయేసరికి అరుగు నిండా పెద్దమనుషులు. బతికినన్నాళ్లూ ఆయన మాట ఒక్కటీ చెవిన పెట్టని వాళ్లంతా ‘ఇంగ్లండు చూసొచ్చిన మనిషి’ అని ఒకటే పొగడ్త. ముప్పై ఏళ్లు గూడ్సు రైలు గార్డుగా ఎండిపోయిన మనిషిలో వీళ్లకు కనపడిన గొప్ప అదొక్కటే. అసహ్యమేసింది.

ఆ ప్రయాణాన్ని నేనూ అసహ్యించుకున్నవాణ్ణే. రిటైరయ్యాక నంద్యాల నుంచి పోయే ఒక గుంపులో చేరి, పదిహేను రోజులు అక్కడి పల్లెలు తిరిగాడు. కాలువల్లో పడవ, బొగ్గుతో నడిచే రైలు, పాతకాలపు పబ్బులు. చుక్క ముట్టని మనిషి పబ్బులో కూర్చుని నిమ్మరసం తాగొచ్చాడు! అక్కడ ఆసామీ కూలీ ఒకే బల్ల కాడ నిలబడి తాగుతారని మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండింది. మన దుడ్లు దోచుకుపోయి చేయించుకున్న బల్లలవి అన్నాను.

“నిజమే. మరి ఎవర్నీ దోచుకోని మన ఊర్లో టీ గ్లాసులు వేరేగా ఎందుకుండాయిరా?”

నేను చదివిన ఏ కరపత్రంలోనూ దీనికి జవాబు లేదు. అందుకే గొంతు పెంచాను.

అక్కడి బొగ్గు రైలును రిటైరైన ముసలోళ్లు జీతం లేకుండా నడుపుతారట. ఈయన గార్డని తెలిసి పచ్చజెండా చేతికిచ్చారట. ఆ జెండాతో దిగిన ఫోటో గోడకు తగిలించుకుంటే, తెల్లోడి జెండా ఊపి పొంగిపోయే మనిషని నలుగురిలో ఎగతాళి చేశాను.

ఎక్కువగా చెప్పింది మాత్రం కాలువ లాకుల గురించి. అక్కడ గేట్లు తెరిచి మూసే లస్కరు ఉండడు. పడవవాళ్లే దిగి తెరుచుకోవాలి, దాటాక మూసి పోవాలి. గుంపులోని ఒక బియ్యం మిల్లు ఆసామి, మన వెనక ఎవరూ రావడం లేదు గదా అని దిగనన్నాడట. పెద్దనాయనే దిగి మూశాడు.

“వెనకొచ్చేటోడు కనపడకపోతే లేడనా?” అనేవాడు.

ఆ మిల్లు ఆసామిని తలుచుకుని నేను ఉమ్మేసేవాణ్ణి.

పోయినేడు నాట్లప్పుడు మా ఊరి చివరి పొలాలకు కేసీ కాలువ నీళ్లు అందలేదు. పదిమంది కుర్రాళ్లం పోయి పిల్లకాలువ తూము షట్టర్ ఎత్తేశాం. నినాదాలిచ్చాం, ఫోటోలు దిగాం, ఇళ్లకు పోయాం. దించాలని ఒక్కడికీ తోచలేదు. తెల్లారేసరికి గట్టు తెగి, ఎవరి కోసం ఎత్తామో ఆ దస్తగిరి మామ నారుమడే కొట్టుకుపోయింది. ఆయన ఫోన్ చేసింది నాకు కాదు, పెద్దనాయనకు. నంద్యాల నుంచి తొలి బస్సు పట్టుకొచ్చి, ఆ మోకాళ్ల నొప్పులతోనే తుప్పుపట్టిన హ్యాండిల్ తిప్పి షట్టర్ దించాడు. నేను పోయేసరికి గళ్ల తువ్వాలు భుజానేసుకుని గట్టున కూర్చుని బొబ్బలెక్కిన అరచేతులు చూసుకుంటున్నాడు.

“ఎత్తేటప్పుడు పదిమంది ఉండారు. దించేటప్పుడు ఒక్కడన్నా ఉండల్ల గదరా.”

తెల్లోళ్ల బానిసవని అరిచి వచ్చేశాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. మిల్లు ఆసామి మీద ఉమ్మినంత సులువుగా నా మీద నేను ఉమ్ముకోలేకపోయాను. తప్పైందని చెప్పడానికి ఏడాది గడువుండింది. నంద్యాలకు బస్సులకేం కొదవ లేదు.

మట్టి చేసిన మూడోనాడు మా పొలాలకు నీళ్ల వంతు వచ్చింది. మావాళ్లు షట్టర్ ఎత్తి పోయారు. నేను గట్టు మీదే ఉండిపోయాను. సాయంత్రం దించుదామని చెయ్యి వేస్తే, హ్యాండిల్‌కు ఆయన గళ్ల తువ్వాలు ముక్క చుట్టి, పురికొసతో బిగించి కట్టి ఉంది. ఎండకు వెలిసిపోయింది గానీ ముడి వదల్లేదు.

తిప్పినంతసేపూ నా అరచేతులకు ఇనుము తగల్లేదు.