వెనక పేజీలు లేని లెక్కల పుస్తకం

ఆ వీధిలో అందరికీ ఆవిడ ట్యూషన్ పిన్ని. చేతిరాత ముత్యాలే. పాఠం చదివి వినిపిస్తే అల్లరి పిల్లలు కూడా కదలకుండా కూర్చుంటారు. ఒక్క లెక్కలే ఆవిడకి కొరుకుడు పడవు. ఆ సంగతి కట్టుకున్నాయనక్కూడా తెలీదు.

మరి ఇన్నేళ్లూ ఎలా నెట్టుకొచ్చిందంటారా? లెక్కల పుస్తకం చివర జవాబుల పేజీలుంటాయిగా. బళ్లు తెరవగానే పిల్లలందరి చేతా వాటిని చింపించి, "చూసి రాస్తే బుర్ర తుప్పు పడుతుంది" అని గద్దించి తీసేసుకునేది. ఒక సెట్టు కుర్చీలో దిండు కింద ఉండేది. పిల్లలు లెక్క ముగించే వేళకి ఆవిడ దిండు సర్దుకునేది.

ఈ ఏడు పుస్తకం మారింది. చివర అట్ట తప్ప ఏమీ లేదు. పిన్ని పుస్తకాల కొట్టుకి పరిగెత్తింది.

"బాబూ, వెనక పేజీలు ఊడిపోయినట్టున్నాయి, చూడు."

"ఊడలేదమ్మా, అసలు వెయ్యలేదు. పిల్లలు సొంతంగా చేసుకోవాలట."

"పిల్లలు సరే..." అని నాలిక్కరుచుకుంది పిన్ని.

అప్పట్నుంచీ కొత్త ఉపాయం. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, "ఖాయమేనా?" అని ఒక్క చూపు చూసేది. తప్పు చేసిన పిల్ల రబ్బరు వెతుక్కునేది, ఒప్పు చేసిన పిల్ల కదిలేది కాదు. బండి నడిచింది, పిన్నికి కంటి నిండా నిద్ర లేదన్న మాటే గానీ.

పరీక్ష ముందురోజు త్రిభుజం లెక్క వచ్చింది. మొదటి కోణం ఎక్స్, రెండోది దానికి రెట్టింపు, మూడోది మొదటిదానికన్నా ఇరవై ఎక్కువ. ఎక్స్ ఎంత? ప్రతిదానికీ వాదించి లాయరమ్మ అని పేరు తెచ్చుకున్న పిల్ల యాభై అంది. కింది వాటా ఇస్త్రీ ఆవిడ కూతురు నలభై అంది. పక్కవాళ్లకి కూడా వినపడని గొంతు ఆ పిల్లది, అందుకే గుసగుస అంటారు.

పిన్ని ఇద్దరివంకా చూసింది. "ఖాయమేనా?"

"నూటికి నూరుపాళ్లు!" అంది లాయరమ్మ. గుసగుస రబ్బరు తీసింది. హమ్మయ్య అనుకుని పిన్ని యాభైకి రైటు కొట్టింది.

మర్నాడు పరీక్షలో అదే లెక్క పడింది. ఆ మార్కుల్ని బట్టే పిల్లల్ని పై సెక్షనుకి పంపుతారు. వారం తిరక్కుండా పేపర్లిచ్చారు.

"నలభయ్యట పిన్నీ!" గుసగుసని వెంటబెట్టుకొచ్చి గుమ్మంలోంచే కేకేసింది లాయరమ్మ. "మీరు రైటు కొట్టారనే ఇద్దరం యాభై రాశాం. నేనెలాగో పైకి దూరాను, దీనికి ఆ ఒక్క లెక్కతో పోయింది."

గుసగుస తన మూలకి వెళ్లి, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నలభై అని నీకెలా తెలిసిందే?" మెల్లిగా అడిగింది పిన్ని.

"వేసి చూశా పిన్నీ. నలభై, ఎనభై, అరవై. కలిపితే నూట ఎనభై. యాభై వేస్తే రెండొందల ఇరవై అవుతుంది. త్రిభుజంలో అంత పట్టదుగా."

పిన్ని వేళ్ల మీద కూడింది. ఆ పాటి కూడికలు ఆవిడకీ వచ్చు. జవాబు నిజమో కాదో లెక్కలోనే వేసి చూసుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఎవర్నీ అడగనూ లేదు.

"ఇంత తెలిసినదానివి, ఎందుకు చెరిపావే తల్లీ?"

"మీరలా చూశారుగా. మీకు తెలుసనుకున్నా."

అలవాటుగా పిన్ని చెయ్యి దిండు కిందికి వెళ్లి ఖాళీగా వెనక్కొచ్చింది. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"రేపు మీ సారు దగ్గరికొస్తా. తప్పు నాదని చెబుతా."

"అప్పుడు నన్ను పైకి పంపిస్తారా పిన్నీ?"

"తెలీదే" అంది పిన్ని.

ఆ మాట ఆవిడ నోట పిల్లలు వినడం అదే మొదలు.