అడ్వాన్సుగా ఏడ్చిన ఏడుపు

ఆయన పాడిన వరుసే మళ్ళీ పాడుతుంటే, పాపం మతిమరుపేమోనని తరువాతి మాట నేనే అందించబోయేవాణ్ణి. బ్లూస్ అనే ఆ కష్టాల పాట గురించి నా పాండిత్యం అంతటిది. మొన్న ఆ అమెరికా ముసలాయన పోయినాడని ఆయన కూతురు ఫోన్ చేస్తే నాకు ఏడుపు వెంటనే రాలేదు. ఆయన కోసం కువైట్‌లోనే అడ్వాన్సుగా ఏడ్చేసి ఉన్నాను మరి.

ఇరాక్ సైన్యం దిగిన ఏడు అది. కువైట్ సిటీ బ్నీద్ అల్ గార్ పేటలో మా పక్క ఫ్లాటు ఆయనది. హోటల్లో గిటార్ వాయించేవాడు, అక్కడి మనవాళ్ళ దగ్గర కాస్త హిందీ పట్టినాడు. అమెరికావాళ్ళను పట్టుకుపోతున్నారని తెలిసి ఆయన్ను మా రూములో దాచుకున్నాం. రూములో వంట నాది, బయటి మాటలన్నీ నాతో ఉండే రాయచోటి దర్జీ పిల్లాడివి. చప్పుడు రాకుండా ముసలాయన తీగల కింద తువ్వాలు కుక్కి, గుసగుసగా పాడుకునేవాడు. ఆ పాటలో ఏడుపు ఏ చోట నవ్వవుతుందో కనిపెట్టాలని నేను ఆయన వేళ్ళే చూస్తూ కూచునేవాణ్ణి.

"ఒకే కష్టం రెండుసార్లు ఎందుకు పెద్దాయనా?" అని మా వచ్చీరాని హిందీలో అడిగినా.

"ఒకసారి చెప్తే నమ్మరు. రెండోసారికి జాలిపడతారు. అప్పుడు మూడో వరుసతో నవ్వించాలి. ఏదీ, నీ కష్టమొకటి చెప్పు."

మా కఫీల్, అదే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, నా పాస్‌పోర్టుతో సహా సౌదీకి పారిపోయినాడని చెప్పినా. కళ్ళు మూసుకుని మా తెలుగులోనే అందుకున్నాడు: కఫీల్ పాయె, పాస్‌పోర్టు పాయె. మళ్ళీ అదే. ఆ తరువాత: ఈ వంటోడి పప్పు మాత్రం ఎవరూ ఎత్తుకపోరాయె!

"అన్నా, సైన్యానికి కూడా భయమే నీ పప్పంటే!" దర్జీ పొర్లి పొర్లి నవ్వినాడు. నాకు మండింది.

ఒక పొద్దున మెట్ల మీద బూట్ల చప్పుడు. పారిపోయే దారి లేదు. దర్జీ ఆయన్ను చాప మీద పడుకోబెట్టి నిలువునా దుప్పటి కప్పినాడు. "జ్వరమొచ్చి పోయినాడని చెప్తా. నువ్వు ఏడువన్నా!"

మా కడప పక్క ఏడవడమంటే ఉత్త కన్నీళ్ళు కాదు. పోయినవాళ్ళ మీద ఉన్న ఫిర్యాదులన్నీ రాగం తీసి వాళ్ళకే చెప్పుకోవాలి. వాకిట్లో తుపాకీతో సిపాయి. దర్జీ అరబీలో ఏదో చెప్పినాడు. నేను గుండెలు బాదుకున్నా. భయానికి కన్నీళ్ళు నిజంగానే వచ్చినాయి.

"నా కొత్త లుంగీ కట్టుకుని పోతివే నాయనా! నా కొత్త లుంగీ కట్టుకుని పోతివే! అది నీకు మోకాళ్ళ కాడికైనా రాకపాయెనే!"

మా రూములో ఉండి ఆయనకు ఆ మాత్రం తెలుగు వచ్చేసింది. దుప్పటి సన్నగా వణికింది. సిపాయి తల దించుకుని పోయినవాడి కోసం దువా చదువుతున్నాడు కాబట్టి చూడలేదు. ఆయన నవ్వినాడంటే ముగ్గురికీ చావే. నేను అంతటితో ఆపాల్సింది.

ఆపలేదు. ఏడుపు నవ్వయ్యే చోటు అప్పటికి దొరికింది నాకు. ఆయన గురక మీద ఇంకో పాట ఎత్తుకుని, వెక్కిళ్ళ మధ్య ఆ గురక కూడా పెట్టి వినిపించినా.