ఏరు దాటిన తేనెటీగలు

సాలమన్ దీవుల్లో ఒకటైన లౌరులో, వాలెపి ఏరు సముద్రంలో కలిసేచోట ఎస్టీనా వాళ్ళ ఊరు. ఊరి వెనక నుంచి కొండ నెత్తిదాకా ఉన్న అడవి వాళ్ళ వంశానిదే. కలప కంపెనీవాళ్ళు వచ్చి అడిగినప్పుడు ఊరంతా కూర్చుని వద్దన్నారు. అడవిని నరకబోమని కట్టుబాటు రాసుకుని, తమలోంచే కాపలావాళ్ళను పెట్టుకున్నారు. చెట్లు నిలబడి ఉన్నందుకు దూరదేశాల నుంచి ఏటా కొంత సొమ్ము వచ్చేది. దాంతో ఊళ్ళోకి కుళాయి వచ్చింది, ఆడవాళ్ళకు తేనెపెట్టెలొచ్చాయి. ఈగలు కుడతాయని కొందరు వదిలేశారు గానీ ఎస్టీనా వదల్లేదు. పెట్టెల పక్కన కూర్చుని ఆ హోరు వింటుంటే ఆమెకు కళ్ళు మూతలు పడేవి, ఒళ్ళు ఎక్కడికో తేలిపోతున్నట్టుండేది.

ఎస్టీనాకు ఒక్కతే అక్క, డోర్కస్. ఆమెను ఏటి అవతలి వంశానికిచ్చారు. ఆ వంశంవాళ్ళు కంపెనీకి ఒప్పుకున్నారు. యంత్రాలు దిగిన ఏడాది ఏరు ఎర్రగా పారింది. అప్పటికింకా కుళాయి రాలేదు, ఆ నీళ్ళే తాగి ఇవతల పసిపిల్లలు జబ్బుపడ్డారు. చర్చి వాకిట్లో అందరిముందూ ఎస్టీనా అక్కతో, "చెట్లమ్ముకుని నువ్వు రేకుల ఇల్లు కట్టుకో. మేం ఇక్కడ నీ బురద తాగుతాం" అంది. డోర్కస్ పడవెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు.

బాదంలాంటి నాలి కాయలు రాలే రోజుల్లో, ఓ మధ్యాహ్నం, పెద్ద పెట్టెలోని ఈగలు గుంపుగా పైకి లేచాయి. గాల్లో కాసేపు పొగలా తిరిగి, ఏటి వెంబడే ఎగువకు సాగాయి. ఎస్టీనా మూతబుట్ట, పాత దుప్పటి చంకన పెట్టుకుని బయల్దేరింది.

వాకిట్లో వల అల్లుకుంటున్న భర్త హెజ్రాన్ తలెత్తాడు. "ఈగల వెనక ఇలా పరిగెడుతున్నావు గానీ, నేను పోతే ఇంతలా వెతుకుతావా?"

"పొద్దు వాలేసరికి ఆకలేసి నువ్వే వస్తావు. అవి రావుగా" అంది ఎస్టీనా, ఆగకుండానే.

అడవిలో వాన వెలిసి ఎక్కువసేపు కాలేదు. ఆకుల మీంచి ఇంకా చినుకులు జారుతున్నాయి. ఎండ పచ్చగా, నీళ్ళల్లోంచి చూస్తున్నట్టుంది. ఈగలు కనిపించడం మానేశాయి. హోరు మాత్రం ఒకచోట ఆగుతుంది, మళ్ళీ ముందుకెళ్తుంది. పెద్దముక్కు పక్షుల జంట ఒకటి రెక్కలతో బుసకొట్టినట్టు చప్పుడు చేస్తూ నెత్తిమీంచి పోయింది. చిన్నప్పుడు డోర్కస్ ఆ చప్పుడు వినగానే, "తాతమ్మ ఊపిరి తీస్తోందే, కదలకు" అని చెల్లెల్ని ఆపేసేది. ఎస్టీనా ఇప్పుడూ ఆగింది, పక్కన అక్క ఉన్నట్టే. ఎంతసేపు అలా నిలబడిందో తెలియలేదు. మళ్ళీ నడిచేసరికి కాళ్ళకింద లోతులేని ఏటినీళ్ళు చల్లగా తగిలాయి. దాటేసింది.

అవతల ఏమీ మిగల్లేదనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. నిజమే, పెద్ద మానులు లేవు. కానీ యంత్రాలు తిరిగిన బాటంతా తీగలు కమ్ముకున్నాయి, మనిషెత్తు పొదలు, సన్నటి పిల్లచెట్లు, వాటినిండా పూలు. తెల్లవి, లేత ఊదావి. గాలి తియ్యగా బరువుగా ఉంది. నరకకుండా వదిలేసిన ఒక్క నాలి చెట్టు కొమ్మకు ఈగలన్నీ ముద్దగా వేలాడుతున్నాయి. కింద రాతిమీద కాయలు కొడుతూ డోర్కస్ కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

ఆమె ముందు ఈగల్ని చూసింది, తర్వాత చెల్లెల్ని.

"నీవేనా?"

"నావే అక్కా."

"నాకు తెలుసులే. అరుస్తూ వచ్చాయి."

ఎస్టీనాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది, ఆగలేదు. డోర్కస్ కొట్టిన పప్పు దోసిట్లో పోసి చెల్లెలి ముందుకు చాచింది. ఇద్దరూ నములుతూ కూర్చున్నారు.

"కంపెనీవాళ్ళొచ్చినప్పుడు మా సభలో నేనూ వద్దనే చెప్పానే" అంది డోర్కస్. "కోడలి మాట ఎవరు వింటారు? రేకులు మాత్రం నామీద కప్పారు."

"మరి చర్చి దగ్గర చెప్పలేదేం?"

"నువ్వు చెప్పనిస్తేగా."

ఎస్టీనా తల వంచుకుంది. "అప్పుడు పిల్లలు జబ్బులో ఉన్నారక్కా. కనపడినవాళ్ళ మీద పడ్డాను."

పొద్దు వాలుతుంటే ఇద్దరూ దుప్పటి పరిచారు. డోర్కస్ కొమ్మ వంచి దులిపింది, ఎస్టీనా బుట్ట పట్టింది. ఒక ఈగ డోర్కస్ చెవిమీద కుట్టింది. "అచ్చం నీ బుద్ధే" అని ఆమె చెల్లెల్ని తిట్టింది. ఎస్టీనా బుట్ట ఎత్తబోయి, మళ్ళీ కింద పెట్టేసింది.

"ఇక్కడే ఉండనీ. పూలిక్కడున్నాయి. పెట్టె రేపు పడవలో తెస్తాను."

మర్నాడు తెచ్చింది. ఆ తర్వాత వారంవారం వెళ్ళేది. డోర్కస్ తేనె నల్లగా, కొంచెం చేదుగా ఉండేది. చర్చి దగ్గర అమ్మకానికి పెడితే ముందు అదే అయిపోయేది. ఆ తేనె తిన్న అవతలి ఆడవాళ్ళు పెట్టెలు అడగడం మొదలెట్టారు. ఈసారి అవతలి సభలో, పూలుంటేనే తేనె అంటూ, కోడళ్ళంతా లేచి మాట్లాడారు. పిల్లచెట్ల జోలికి ఎవరూ పోకూడదని, ఏటికి రెండువైపులా ఒకే కాపలా ఉండాలని ఒప్పించడానికి చాలాకాలం పట్టింది. డోర్కస్ మరిది అయితే ఇప్పటికీ ఒప్పుకోలేదు.

అక్కచెల్లెళ్ళు మాత్రం ఇప్పుడు ఎవరి తేనె మంచిదనే దానిమీద పోట్లాడుకుంటారు. హెజ్రాన్‌ను అడిగితే, రెండూ తిని, ఇంకోసారి తింటేగానీ చెప్పలేనంటాడు.