దీపాలమ్మ దూకలేదు

ప్రేమమణి టీచరుకు కోపం రావడం మెట్టుగూడలో వింతేమీ కాదు. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన మనిషి. రిటైరై పదేళ్లు దాటినా, ఆమె ఎదురొస్తే యాభై ఏళ్ల మగాళ్లు సైతం సిగరెట్టు వెనక్కి దాచుకుంటారు. కానీ ఆ శనివారం పొద్దున మోండా మార్కెట్లో వచ్చిన కోపం వేరు. కొసలు విరిచి బెండకాయలు ఏరుకుంటుంటే పక్కింటి నాగజ్యోతి ఫోను తెచ్చి మొహం ముందు పెట్టింది.

"టీచర్, మీ భీమిలి గురించే! మన ఐజాక్ టూర్ పెడుతుండు. గీ కథ జెర సూడుండ్రి!"

కొండకొమ్మున ఒక రాయి. దాని మీద తెల్లచీరలో, జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మ. కింద సముద్రం. 'ప్రేమలో మోసపోయి ఇక్కణ్ణుంచి దూకిన దీపాలమ్మ! అంచుకు వెళ్తే ఇప్పటికీ కాళ్లు పట్టి లాగుతుందట! సోమవారం మన గ్రూపు చేతుల మీదుగా రాయి దగ్గర బోర్డు ఆవిష్కరణ.'

ప్రేమమణికి అరికాలి మంట నెత్తికెక్కింది. దీపాలమ్మంటే ఎవరనుకున్నారు? ఆమె సొంత నాయనమ్మ సువార్తమ్మ!

ఊరూరా నడిచి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీ ఆవిడ. బొమ్మలో తెల్లచీర ఒక్కటే నిజం. జుట్టు విరబోసుకోవడమా! ముడి కాస్త వదులైతేనే ఊరుకునేది కాదు. వేటకెళ్లిన పడవలు పొద్దుగూకినా రాకపోతే లాంతరు పట్టుకుని కొండెక్కి, ఆ రాతి మీద కూర్చుని, ఆఖరి పడవ ఒడ్డు తగిలేదాకా గొంతెత్తి కీర్తనలు పాడేది. జాలర్లు గంగమ్మకు మొక్కేవాళ్లు. ఈవిడ దేవుడు వేరని వాళ్లకూ తెలుసు. అయినా మర్నాడు మంచి చేప ఒకటి ఆవిడ గుమ్మంలో పెట్టి వెళ్లేవారు. ఆ లాంతరు చూసి ఆవిణ్ణి దీపాలమ్మ అన్నదీ, రాయికి ఆ పేరు పెట్టిందీ వాళ్లే. ఎనభై ఒక్క ఏళ్లు నిండుగా బతికి, మనవరాలి చేతి గంజి తాగి, మంచం మీద కన్నుమూసింది మహాతల్లి. అలాంటి మనిషికి ప్రేమ వ్యవహారం అంటగట్టి సముద్రంలోకి దూకించేస్తారా?

బెండకాయలు గంపలోనే పడేసి ఆటో ఎక్కింది.

మెట్టుగూడలో ఐజాక్ ట్రావెల్స్ గదిలో ఐదారుగురు బుకింగు కోసం కూర్చుని ఉన్నారు. టీచరును చూడగానే ఐజాక్ లేచి నిలబడ్డాడు. ఒకప్పుడు ఆమె సండే స్కూల్లో చదివినవాడే.

"ఏటిరా ఇది?" కోపమొస్తే ఆమెకు సొంతూరి యాస తన్నుకొస్తుంది. "ఈ కథ నీకెవుడు సెప్పేడ్రా? ఆ సెప్పినోడి నోట్లో పురుగులు పడ!"

"అట్ల తిట్టకుండ్రి టీచర్." ఐజాక్ తల దించుకున్నాడు. "చెప్పింది మీరే."

"నేనా?"

"ఎండకాలం సెలవుల్ల మమ్ముల మీ ఊరికి తీస్కపోయిండ్రు గదా, గా సండే స్కూల్ పిక్నిక్‌ల. నేను, జెరెమియా రాయి కొసకు ఉరికినం. మీరు చెవి పట్టి గుంజిండ్రు. దీపాలమ్మ గీడికెల్లే దూకింది, కొసకొచ్చినోళ్ల కాళ్లు పట్టి గుంజుతదన్నరు. నాకు వారం జ్వరం. నా పిల్లలకు సుత గదే చెప్పిన."

ప్రేమమణి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఇరవై ముగ్గురు పిల్లలు, తడిసిన రాయి, అడుగు జారితే సముద్రం. ఆ క్షణాన నోటికి ఏదొస్తే అది అనేసింది. పిల్లలు నిజంగానే వెనక్కి తగ్గారు. మరుసటి వేసవి ముందుగానే చెప్పింది. ఆ పైయేడు ఎదిగే ఆడపిల్లలకు బుద్ధి చెప్పినట్టూ ఉంటుందని ప్రేమ, మోసం కూడా కలిపింది. ఇంత చేసి, తిట్టేది ఐజాక్‌నా! ఛీ, నా నోరు పడిపోను, అనుకుంది.

"ఆ బోర్డు తీసేయ్."

"తయారైపోయింది టీచర్. దూకిందంటేనే జనం వస్తరు. ముసలిదై మంచం మీద పోయిందంటే ఎవరొస్తరు? అయినా గ్రూపుల నలభై మంది. సగం మీ స్టూడెంట్లే. అందరికీ మీరు చెప్పిన కథే ఎరుక. ఇప్పుడు కాదంటే, మరి అప్పుడు గట్లెందుకు చెప్పిండ్రని మిమ్మల్నే అడుగుతరు."

"అడగనీ! అడగాల్సిందే! నీ ఫోను ఇటు తిప్పి వీడియో తియ్యి, ఆ నలభై మందికీ పంపుదువు."

"టీచర్, ఇంతమంది ముంగట..."

"తియ్యమన్నానా!"

ఐజాక్ ఫోను ఎత్తాడు. ఆమె కొంగు సర్దుకుంది. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"నేను ప్రేమమణి టీచర్ని. దీపాలమ్మ మనవరాలిని. మా నాయనమ్మ ఆ రాతి మీంచి దూకలేదు. నేను తోశాను. మీరు పడిపోతారని భయపడి ఆవిణ్ణి తోశాను. ఒక్కసారి కాదు, పదకొండేళ్లు, ప్రతి వేసవీ తోశాను."

ఐజాక్ ఫోను దించాడు.

"ఇంకోసారి తీద్దామా టీచర్? గొంతు వణికింది."

"వణకనీరా. పంపు."