వదిన తీసేసిన పేరు

మా వదిన పోయింది. గుంటూరు ఆసుపత్రి నుంచి నేను ఫోను చేసేసరికి మా అమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోందట. విని, "అబ్బాయికి కబురు పెట్టండి. నిప్పు పెట్టాల్సింది వాడే కదా" అందట.

అబ్బాయంటే మా అన్నయ్య. వదినని వదిలేసి ఏళ్లయింది. పిల్లలు లేరు.

మీకు చెప్పుకోదగ్గ ఘనకార్యాలేవీ వదిన చెయ్యలేదు. చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో, ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని పెళ్లి కార్డులు, పురుగుమందుల కొట్లకి కరపత్రాలు కంపోజ్ చేసేది. ఒకసారి పెళ్లికూతురి పేరులో దీర్ఘం తప్పిందని అచ్చయిన కార్డులన్నీ వెనక్కి తెప్పించి మళ్లీ చేసిచ్చింది. "అత్తారింట్లో ఆ పిల్ల పేరు ఎవరెట్టా పలుకుతారో ఏమో, కార్డు మీదన్నా సరిగ్గా ఉండనీ" అంది. నేను పక్కన కూర్చుని ప్రూఫులు చదివేదాన్ని. తప్పు పట్టిస్తే నోట్లో బెల్లం ముక్క పెట్టేది. ఇవాళ ఇది రాస్తున్నా ఆమె కళ్లతోనే దిద్దుకుంటున్నాను.

ఆ కంప్యూటరు కొన్నది అన్నయ్య. ఆన్ చెయ్యగానే తెర మీద రెండు పేర్లు వచ్చేవి. పైన అన్నయ్యది, కింద వదినది. అన్నయ్య ఒంగోలులో వేరే ఆవిడతో కాపురం పెట్టి, ఇక రానని చెప్పి వెళ్లాక కూడా ఆ పేరు అట్లాగే ఉంది. కార్డుల కోసం వచ్చినవాళ్లు అది చూసి, "అబ్బాయిగారు ఎప్పుడొస్తున్నారమ్మా?" అని అడిగేవాళ్లు. వదిన తల వంచుకుని తన పేరు నొక్కి పని మొదలుపెట్టేది.

"తీసెయ్ వదినా" అన్నాను.

"నా వల్ల కాదే. మార్చే హక్కులన్నీ ఆయన పేరుకే పెట్టుకున్నారు."

వంటింట్లోంచి అమ్మ అరిచింది. "ఆ పేరు జోలికి పోబాకండి. రేపు వాడొస్తే?"

వదిన గుంటూరు బ్రాడీపేటలో తను కంప్యూటరు నేర్చుకున్న సెంటరుకి వెళ్లి, మాస్టారిని అడిగి దారి తెలుసుకొచ్చింది. ముందు అన్నయ్య ఫైళ్లన్నీ సీడీలోకి ఎక్కించి అమ్మ చేతికిచ్చింది. పేరు తీసెయ్యబోతే, ఫైళ్లు ఉంచాలా తుడిచెయ్యాలా అని కంప్యూటరు అడిగింది. తుడిచెయ్యమంది. మళ్లీ ఆన్ చేస్తే ఒక్క పేరే ఉంది. దాన్నే కాసేపు చూసి, "ఇల్లు ఊడ్చినట్టుంది" అంది.

తర్వాత ఏదో పెళ్లికని ఊరొచ్చిన అన్నయ్య కంప్యూటరు తెరిచాడు.

"నా పేరేదే?"

"తీసేశానండి."

"నా ఇంట్లో నా పేరు తీసెయ్యడానికి నువ్వెవతివే?"

"ఈ ఇంట్లో ఉంటున్నదాన్ని."

అన్నయ్య వైర్లు పీకాడు. సగంలో ఉన్న పెళ్లి కార్డులతో సహా కంప్యూటరు ఆటో ఎక్కింది. నేను అడ్డం వెళ్లబోతే అమ్మ రెక్క పట్టుకుని లాగింది. "వాడి సొమ్ము వాడు తీసుకెళ్తున్నాడు, నీకెందుకే?"

"ఆ కార్డులవాళ్లకి నేనేం చెప్పనండీ?" అని మాత్రం అడిగింది వదిన. అన్నయ్య ఆటోవాణ్ణి పోనిమ్మన్నాడు.

ఆ తర్వాత వదిన బ్రాడీపేటలోనే ఒక డీటీపీ షాపులో పనికి కుదిరింది. రోజూ బస్సులో పోయి వచ్చేది. దగ్గు పట్టుకుంది. రక్తం పడుతున్నా సెలవు పెట్టలేదు. చివరికి ఆసుపత్రిలో నేను జావ తాగిస్తుంటే, "మనిద్దరం ఊరందరి తప్పులూ పట్టాం. మీ అన్నయ్య దగ్గరే పట్టలేకపోయాం" అని నవ్వింది. ఆ నవ్వు కూడా దగ్గులో కలిసిపోయింది.

అన్నయ్య ఒంగోలు నుంచి తెల్లపంచెలో దిగాడు. ఊరి చివర దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అక్కడ పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలవడం ఆచారం. అన్నయ్య వంగాడు. పక్క చేలో ఎండుమిర్చి తిరగేస్తున్నారు. గాలి మళ్లి ఘాటు ముంచుకొచ్చింది. ఒక్కసారి పిలిచాడో లేదో, దగ్గు తెరలు కమ్మి కళ్ల నీళ్లు ధారలు కట్టాయి. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని లేచిపోయాడు. మిగతా రెండుసార్లూ ఎవరూ పిలవలేదు.

"ఎంతైనా కట్టుకున్నవాడు, చూడండి ఎట్టా ఏడుస్తున్నాడో" అంటున్నారు వెనక ఆడవాళ్లు.

చేలో కూలీలు ముక్కులకి గుడ్డలు కట్టుకుని, ఎర్రటి కాయల్ని కాళ్లతో కదుపుతూ అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు.